చిత్తూరు సీమ ఎన్నికల పటములు - జనవిన్యాస పరిశీలన

ఎన్నికల ఫలితములు వెలువడిన మరునాడు పత్రికలలో రంగుల పటములు కనబడుట నేడు పరిపాటి యైనది. పాఠకుడు తన తాలూకా ఏ రంగున నున్నదో చూచుకొని, ఆ రంగునకు కారణము తానే చెప్పుకొనును. అచ్చట ఫలానా కులమువారు హెచ్చు, ఇచ్చట అరవము మాటలాడువారు హెచ్చు, ఆ పట్టణమున ముస్లిములు హెచ్చు, కావున ఫలితము అట్లు వచ్చినది అనును. ఈ మాట రచ్చబండ కడ పుట్టినదే యైనను, పరిశోధన వ్యాసములలోనికి సైతము ప్రమాణము నడుగకయే ప్రవేశించుచున్నది. ఇందు సత్యమెంత, భ్రమ యెంత అను విషయమును తిరుపతి, చిత్తూరు ప్రాంతముల పటములను ఆధారముగా గొని పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగా మూడు పటములను పక్కపక్కన నుంచి చూతము. పూర్వపు అవిభక్త చిత్తూరు జిల్లాలో 14 శాసనసభా నియోజకవర్గములు కలవు. 2014లో వానిలో 8 వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమునకును, 6 తెలుగుదేశము పక్షమునకును దక్కెను. 2019లో 13 వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు పోగా, కుప్పము ఒక్కటియే తెలుగుదేశమునకు మిగిలెను. 2024లో తెలుగుదేశము, జనసేన, భారతీయ జనతా పక్షముల కూటమి 12 స్థానములను గెలిచెను. పుంగనూరు, తంబళ్లపల్లె మాత్రమే వై.ఎస్.ఆర్. కాంగ్రెసున నిలిచెను. ఈ పదేండ్లలో ఆ యూళ్లలో కాపురమున్నవారు పెద్దగా మారలేదు. మదనపల్లెలో ఉర్దూ మాటలాడువారు అచ్చటనే యున్నారు. నగరి, పుత్తూరులలో మగ్గములు అచ్చటనే ఆడుచున్నవి. జనవిన్యాసమే రంగునకు కారణమైనచో, కారణము నిలిచియుండగా కార్యము రెండుమారులు తలక్రిందు లగుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పనిదే పటమునుండి కులమును, భాషను చదువబూనుట సాహసమే యగును.

తెలుగు శాఖ పత్రికలో ఎన్నికల పటముల ప్రసక్తి యేల యని కొందరు మిత్రులు అడుగవచ్చును. భాషాశాస్త్ర విద్యార్థులకు ఈ చిక్కు కొత్తది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ పదముల సంపుటమునాటి నుండియు పదముల వ్యాప్తిని ప్రాంతములవారీగా గుర్తించు పద్ధతి మనకు పరిచితమే. ఒక్క పదము ఎచ్చట మారినదో గీత గీచినంత మాత్రమున అది మాండలికపు టెల్ల కాదనియు, పెక్కు గీతలు ఒక్కచోట కలిసి నడచిననే ఎల్ల యనదగుననియు మనము విద్యార్థులకు చెప్పుచున్నాము. ఎన్నికల పటమున ఆ జాగ్రత్తయే కొరవడుచున్నది. మరియు ఈ సీమలో భాషయే ఒకప్పుడు ఎన్నికల సరిహద్దును గీచినది. ఆ కథ తెలియక పటమును చదువరాదు. (మండలము అను మాటను మేము ఈ వ్యాసమున జిల్లా యను అర్థమున వాడలేదు. పాత రచనలలో జిల్లాను మండల మనుచుండిరి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చిన తరువాత ఆ మాట చిన్నదానికి పేరైనది. పాత వ్యాసములను, పాత పటములను చూచు విద్యార్థులు ఇచ్చట పొరపడుటను మేము పలుమారులు చూచితిమి.)

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడెను. అది ఒక్క ముద్దగా పుట్టినది కాదు. చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాటు నుండి వచ్చినవి. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లా నుండి వచ్చినవి. పుంగనూరు, కాళహస్తి, కార్వేటినగరము జమీందారీల నేలలు వీనితో కలిసినవి. కడప భాగము 1800లో నిజాము కుంపిణీకి ఇచ్చిన దత్తమండలములలోనిది. ఆర్కాటు భాగము 1801లో కర్ణాటక నవాబు రాజ్యముతో పాటు కుంపిణీ చేతికి వచ్చినది. అనగా రాయలసీమ యని నేడు ఒక్కపేరున పిలుచు ఈ జిల్లాలో పడమటి అంచు మాత్రమే నిజమునకు దత్తమండలము. నేల సైతము ఇట్లే రెండు తీరులు. పడమట మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పము మెట్టసీమ. చెరువులు, బావులు, వేరుశనగ, టమాట, పట్టుపురుగులకై మల్బరి, పాడి. తూర్పున స్వర్ణముఖి, అరణియారుల వెంబడి కాళహస్తి, సత్యవేడు పల్లపు నేలలు, వరిపొలములు. నడుమ చిత్తూరు మామిడి తోటలు. ఇన్ని భేదములు గల నేలమీద ఎన్నికల రంగులు పోసినచో, ఏదో యొక భేదము ఏదో యొక రంగుతో కలియకుండుట అరుదు. కాకతాళీయ న్యాయమునకు ఇంతకన్న అనువైన చోటు దొరకదు.

ఇక భాష గీచిన గీత. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మేర్పడినప్పుడు చిత్తూరు జిల్లా ఆంధ్రమున చేరెను. దక్షిణమున తమిళులు హెచ్చుగా గల తిరుత్తణి మొదలగు చోట్ల వివాదము మిగిలెను. మద్రాసు వైపు మ.పొ. శివజ్ఞానముగారు సరిహద్దు ఉద్యమమును నడపిరి. తుదకు హరి వినాయక్ పటస్కరుగారి మధ్యవర్తిత్వమును ఉభయ రాష్ట్రములు అంగీకరించెను. పటస్కరుగారు అవలంబించిన సూత్రములు సరళములు: గ్రామమే ప్రమాణము, గ్రామమున హెచ్చుమంది మాటలాడు భాష యేది, ఆ గ్రామము ఆ భాషా రాష్ట్రమునకు ఆనుకొని యున్నదా. ఈ నిర్ణయము 1959 నాటి చట్టమున కెక్కి 1960 ఏప్రిల్ 1 నుండి అమలయ్యెను. తిరుత్తణి తాలూకాలో అత్యధిక భాగమును, పుత్తూరు, చిత్తూరు తాలూకాలలోని కొన్ని గ్రామములును మద్రాసునకు పోయెను. చెంగల్పట్టు జిల్లాలోని పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల నుండి తెలుగు గ్రామములు ఇటు వచ్చెను; సత్యవేడు తాలూకా ఆ విధముగ ఏర్పడినది.

ఎన్నికల చరిత్ర వ్రాయువారికి ఇది కలిగించిన చిక్కును గమనింపవలెను. తిరుత్తణి ఓటరు 1952లో మద్రాసు శాసనసభకును, 1955లో ఆంధ్ర శాసనసభకును, 1962లో మరల మద్రాసు శాసనసభకును ఓటు వేసెను. అతడు తన యిల్లు కదలలేదు. సత్యవేడు ప్రాంతమున చెంగల్పట్టు నుండి వచ్చిన గ్రామముల వారు 1952, 1957లలో మద్రాసు సభ్యులను ఎన్నుకొని, 1962లో హైదరాబాదునకు సభ్యుని పంపిరి. కాబట్టి ఈ గ్రామముల పూర్వ ఫలితములను చిత్తూరు జిల్లా పుస్తకములలో వెదకిన దొరకవు. అంతకు మించిన విషయము మరొకటి కలదు. 1960 తరువాతి పటమున జిల్లాలో తెలుగు మాటలాడువారి పాలు పెరిగినట్లు కనబడును. అది జనము మారినందున గాదు, గీత జరిగినందున. జనవిన్యాసమునకు, ఫలితమునకు సంబంధమును వెదకునప్పుడు రెంటిని విడివిడి వస్తువులుగా భావింతుము. ఇచ్చట జనవిన్యాసమే చట్రమును గీచినది, ఆ చట్రములో ఫలితము వచ్చినది. ఒకటి రెండవదానిలో ముందే కలిసియున్నది.

ఇట్టిదే 2008లో మరియొకమారు జరిగెను. 2001 జనగణన ననుసరించి నియోజకవర్గములను పునర్విభజించి, ఆ క్రొత్త హద్దులతో 2009లో ఎన్నికలు జరిపిరి. అంతవరకు జిల్లాలో 15 స్థానములు. వాయల్పాడు, పుత్తూరు, వేపంజేరి పోయి, పూతలపట్టు, గంగాధర నెల్లూరు వచ్చుటచే 14 అయ్యెను. షెడ్యూల్డు కులములకు అంతకు ముందు సత్యవేడు, పలమనేరు, వేపంజేరి రిజర్వు కాగా, తరువాత సత్యవేడు, గంగాధర నెల్లూరు, పూతలపట్టు రిజర్వు అయ్యెను. షెడ్యూల్డు కులముల స్థానములు రాష్ట్రమున వేర్వేరు ప్రాంతములకు పంచబడవలెననియు, సాధ్యమైనంత వరకు వారి జనాభా పాలు హెచ్చుగా గల చోట్ల నుండవలెననియు 2002 నాటి పునర్విభజన చట్టము చెప్పుచున్నది. అనగా పటముమీద రిజర్వు స్థానములు జనవిన్యాసపు నీడలు. ఆ స్థానమున గెలిచినవాడు దళితుడగుట ఫలితము కాదు, నియమము. దీనిని మరచి, రిజర్వు స్థానములలో దళితుల ఓట్లే ఫలితమును తేల్చునని వ్రాయువారు కలరు. 2011 జనగణన ప్రకారము జిల్లా మొత్తమున షెడ్యూల్డు కులములవారు నూటికి సుమారు పందొమ్మిదిమంది. పాలు కొంత హెచ్చైన నియోజకవర్గమునందును వారు ఓటర్లలో అల్పసంఖ్యాకులే. అచ్చటి ఫలితమును తేల్చువారిలో హెచ్చుమంది ఇతరులే.

పునర్విభజన నాయకులను సైతము స్థలము మార్చినది. 1989, 1999, 2004లలో వాయల్పాడున గెలిచిన నల్లారి కిరణ్ కుమార్ రెడ్డిగారు ఆ స్థానము లేకపోవుటచే 2009లో పీలేరున నిలిచి గెలిచిరి. మరుసటి యేట ముఖ్యమంత్రి యైరి. అంతవరకు పీలేరున గెలుచుచుండిన పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డిగారు పుంగనూరునకు వచ్చి గెలిచిరి. 2004, 2009 పటములను పక్కపక్కన పెట్టి, పుంగనూరు పక్షము మారినదని వ్రాయుట తేలిక. మారినది పుంగనూరు ఓటరా, పుంగనూరు హద్దా, పుంగనూరు అభ్యర్థియా అని విడదీయుట కష్టము.

ఇప్పుడు మన చేతిలోని పటమును మరియొకమారు చూచినచో, అందు మూడు కాలములు ఒకదానిపై నొకటి పేర్చబడి యున్నవి. హద్దులు 2001 జనాభాను బట్టి గీచినవి. జనవిన్యాసము 2011 జనగణన నాటిది. అప్పటి జిల్లా జనాభా 41,74,064. ఓట్లు 2024 నాటివి. నడుమ తిరుపతి నగరము తన యంచులను దాటి చంద్రగిరి వైపు పాకినది. సత్యవేడు సీమలో శ్రీసిటీ కర్మాగారములు లేచినవి. కుప్పము నుండి బెంగుళూరునకు కూలికి, ఉద్యోగమునకు పోవువారు రైళ్ల నిండ పోవుచున్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాయే ముక్కలై, తిరుపతి జిల్లా వేరయ్యెను. మదనపల్లె, పీలేరు, తంబళ్లపల్లె అన్నమయ్య జిల్లాలో చేరెను. నియోజకవర్గముల హద్దులు మాత్రము కదలలేదు. ఇక కులము మాట. స్వాతంత్ర్యానంతర జనగణనలు షెడ్యూల్డు కులములు, తెగలు తప్ప తక్కిన కులముల లెక్కలను ప్రకటింపలేదు. 1931 నాటి లెక్కలే తుది. రానున్న జనగణనలో కులమును చేర్చుటకు కేంద్ర మంత్రివర్గము 2025 ఏప్రిల్ 30న నిర్ణయించెను. కావున ఇంతవరకు ఈ నియోజకవర్గమున ఫలానా కులమువారు ఇన్ని వేలమంది యని పత్రికలలో వచ్చు అంకెలకు ఆధారము పక్షముల కార్యాలయముల అంచనాలే గాని జనగణన కాదు. అట్టి అంకెను పటముమీద రంగుగా పోసి దానినుండి శాస్త్రము తీయుట ఇసుక మీద గోడ కట్టుట వంటిది.

ఇట్టి పటముల విద్యకు ఆద్యుడుగా ఫ్రాన్సు దేశపు ఆంద్రె సీగ్‌ఫ్రీడును చెప్పుదురు. ఆయన 1913లో పడమటి ఫ్రాన్సు రాజకీయములపై వెలువరించిన గ్రంథమున నేల, భూస్వామ్యము, నివాసముల తీరు, చర్చి ప్రాబల్యము, ఓటు అను వీనిని పటములమీద సరిపోల్చెను. నల్లరాతి నేల ఒక పక్షమునకు, సున్నపురాతి నేల మరియొక పక్షమునకు ఓటు వేయునని ఆయన పేరున ఒక వాడుక నిలిచిపోయినది. ఆయన చెప్పినది రాయి ఓటు వేయునని కాదు. రాతిని బట్టి నీరు, నీటిని బట్టి ఇండ్లు దగ్గరగానో దూరముగానో యుండుట, దానిని బట్టి భూస్వామికి, మతగురువునకు గల పట్టు, ఈ వరుసను ఆయన చూపెను. వరుసలోని మెట్లు పోయి మొదలు, తుద మాత్రమే జనుల నోట మిగిలినవి.

మన దేశమున ఆంధ్రమే ఇట్టి పరిశీలనకు తొలి రంగస్థలములలో నొకటి. అమెరికా పరిశీలకుడు సెలిగ్ హారిసను 1956లో ఆంధ్ర కమ్యూనిస్టులను, కులమును గూర్చి ప్రకటించిన వ్యాసము నేటికిని చదువబడుచున్నది. డెల్టా ప్రాంతమున కమ్మ రైతాంగమునకు, కమ్యూనిస్టు నాయకత్వమునకు గల సంబంధమును అందు ఆయన వివరించెను. వ్యాసము విలువైనదే. కాని 1952, 1955 పటములను మాత్రము చూచినవాడు మోసపోవును. 1952లో ఆంధ్ర జిల్లాలలో 41 స్థానములు గెలిచిన కమ్యూనిస్టులకు, 1955లో 196 స్థానములలో 15 మాత్రమే వచ్చెను. పటమున ఎరుపు మాసిపోయినది. అయినను వారికి పోలైన ఓట్లలో నూటికి సుమారు 31 వచ్చినవి. ఆ పాలు 1952 కంటె తగ్గలేదు, పెరిగినది. ప్రత్యర్థులు కాంగ్రెసు నాయకత్వమున ఒక్క కూటమిగా నిలిచి 146 స్థానములను గెలిచిరి. మారినది కులముల కూర్పు కాదు, పోటీ కూర్పు.

ఈ విషయము నేటి పటములకును వర్తించును. 2019లో తెలుగుదేశమునకు రాష్ట్రమున 175 స్థానములలో 23, ఓట్లు నూటికి సుమారు 39. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు 11 స్థానములు, ఓట్లు మరల సుమారు 39. రెండు పటములలోను ఓడిన పక్షపు రంగు ఇంచుమించు కనబడదు. కాని ప్రతి ఐదుగురు ఓటర్లలో ఇద్దరు ఆ పక్షమువారే. ఇట్టి పటము గెలుపును చూపును గాని జనమును చూపదు. దానికి తోడు విస్తీర్ణమువలన కలుగు భ్రమ. తిరుపతి నియోజకవర్గము పటముమీద వ్రేలిగోరంత, తంబళ్లపల్లె అరచేయంత. చంద్రగిరిలో శేషాచలపు అడవి, పలమనేరు, కుప్పముల నడుమ కౌండిన్య అభయారణ్యము రంగులో చాల చోటు నాక్రమించును. చెట్లకు ఓటు లేదు. నియోజకవర్గమంతయు రంగు పూయుటకు మారుగా, ఊరి స్థానమున ఓటర్ల సంఖ్యకు తగినంత చుక్కను పెట్టి, ఆ చుక్కలో పక్షముల పాళ్లను చూపుట మేలు. ఇది కంప్యూటరు వచ్చిన తరువాత పూటపని.

ఇంతకంటె లోతైన దోషము వేరొకటి కలదు. 1950లో డబ్ల్యు.ఎస్. రాబిన్సను అను అమెరికా పండితుడు దానిని చూపెను. 1930 జనగణనలో 48 రాష్ట్రములను ఒక్కొక్క యూనిట్టుగా గొని చూచినచో, విదేశములలో పుట్టినవారు హెచ్చుగా గల రాష్ట్రములలో నిరక్షరాస్యత తక్కువ. దానిని బట్టి విదేశములనుండి వచ్చినవారు ఎక్కువ చదువుకొన్నవారని తలతుము. మనుష్యులను విడివిడిగా లెక్కించినచో విషయము వ్యతిరేకము. వచ్చినవారిలోనే నిరక్షరాస్యులు కొంత హెచ్చు. వారు అక్షరాస్యత హెచ్చుగా గల రాష్ట్రములలో స్థిరపడుటచే పటమున అట్లు కనబడెను. సమూహమునందు కనబడు సంబంధమును వ్యక్తులకు అంటగట్టుట మన నైయాయికులు చెప్పు హేత్వాభాసములలో చేరదగినది.

దీనిని మన నేలకు తెచ్చి ఒక కల్పిత ఉదాహరణమును చూతము. నగరి సీమలో నూరు ఓట్లు పోలైన ఒక చిన్న ఊరిని ఊహింతము. అందు 30 మంది నేతవారు, 70 మంది ఇతరులు. ఒక పక్షమునకు 60 ఓట్లు వచ్చినవి. నేతవారిలో ఎందరు ఆ పక్షమునకు వేసిరి? ముప్పదిమందియు వేసియుండవచ్చును, ఒక్కడును వేయకుండవచ్చును. పటమునుండి ఏమియు తెలియదు. మరియొక ఊరిలో 80 మంది నేతవారు, 20 మంది ఇతరులు, పక్షమునకు అవే 60 ఓట్లు. ఇతరులు ఇరువదిమందియు వేసియున్నను, నేతవారిలో 40 మందికి తగ్గకుండ వేసియుండవలెను. 60కి మించి వేసియుండరు. ఇచ్చట కొంత తెలిసినది. 1953లో డంకను, డేవిసు అను వారు ఈ హద్దుల లెక్కను ప్రతిపాదించిరి. దీనివలన తేలునది యేమనగా, కూర్పు ఒకే తీరుగా గల చిన్న చోట్లనుండియే నిలుచు మాట చెప్పవచ్చును. పలువురు కలిసియున్న పెద్ద నియోజకవర్గమునుండి చెప్పరాదు.

చిన్న చోటు మనకు దొరకునా? ఎన్నికల సంఘపు ఫారం 20 అను పత్రమున ప్రతి పోలింగు కేంద్రమున ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చినదియు నుండును. ఒక్కొక్క కేంద్రమునకు ఓటర్లు సుమారు వేయి, పదునైదువందలు. 2004 లోక్‌సభ ఎన్నికల నుండి దేశమంతట ఓటింగు యంత్రములే వాడబడుటచే కేంద్రవారీ లెక్క నిలుచుచున్నది. పలు పెట్టెల కాగితములను కలిపి లెక్కించిన కాలమునకు అది లేదు. ఇక జనగణన గ్రామవారీగా జనసంఖ్య, షెడ్యూల్డు కులములు, తెగలు, అక్షరాస్యత, వృత్తులను ఇచ్చుచున్నది. మాతృభాష, మతముల లెక్కలు ఉపజిల్లా స్థాయికి దిగువన ఇయ్యలేదు. కావున దళితవాడలను గూర్చి, వ్యవసాయ కూలీలను గూర్చి కేంద్రవారీ పటమువలన కొంత తేల్చవచ్చును. తమిళులు, ముస్లిములను గూర్చి ఊళ్లు తిరిగి అడుగవలసినదే. ఊరి పేర్లు, వీధి పేర్లు, ఇంటిలో మాట, బడిలో మాట తెలిసిన తెలుగు శాఖ విద్యార్థికి ఆ పని గణాంక శాస్త్రజ్ఞునికంటె సులువు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వచ్చెదము. 2024లో పుంగనూరు, తంబళ్లపల్లె వేరు రంగున నిలిచినవి. రెండును పడమటి మెట్టసీమలో నున్నవి. కావున మెట్టసీమ ఒక తీరు, పల్లపుసీమ ఒక తీరు అని చెప్పబుద్ధి యగును. కాని అదే మెట్టన మదనపల్లె, పీలేరు, పలమనేరు, కుప్పము రెండవ రంగున కలవు. పూర్వపు దత్తమండలపు వాసన యందమా, తంబళ్లపల్లె కడప వైపు నేల, పుంగనూరు ఆర్కాటు వైపు జమీందారీ. మదనపల్లె కడప వైపుదే యైనను రెండవ రంగు. రెంటికిని కలిసిన విషయ మేదనగా, ఒకచోట గెలిచిన రామచంద్రారెడ్డిగారు, వేరొకచోట గెలిచిన ద్వారకానాథరెడ్డిగారు అన్నదమ్ములు. జనగణనలో దీనికి పట్టిక లేదు. కుప్పము సంగతి దీనికి తోడు. తమిళనాడు, కర్ణాటకములు తాకు మూడు భాషల మూల అది. 1989 నుండి 2024 వరకు ఎనిమిది ఎన్నికలలో చంద్రబాబునాయుడుగారే గెలిచిరి. ఆయన 1978లో తొలుత గెలిచినది, 1983లో ఓడినది తన స్వస్థలము గల చంద్రగిరిలో.

అయినచో జనవిన్యాసము నిష్ప్రయోజనమా? కాదు. గాలి అన్ని చోట్ల ఒకే తీరున వీచినను, ఏ చోట ఎంత వంగినది అనునది చోటును బట్టి యుండును. 2019 గాలిలోను, 2024 గాలిలోను ఒక ఊరు తన పొరుగూరికంటె ఎల్లప్పుడు ఒకే వైపు పదిపాళ్లు హెచ్చుగా మొగ్గినచో, ఆ పదిపాళ్లకు కారణము ఊరి కూర్పులో వెదకవచ్చును. ఊళ్లన్నియు కలిసి అటునుండి ఇటు వచ్చినచో, దానికి కారణము ఊళ్లలో లేదు. కాలమున, పోటీలో, పాలనలో కలదు. కనుక గీయవలసినవి రెండు పటములు: పొరుగుతో పోల్చిన భేదమునకు ఒకటి, గత ఎన్నికతో పోల్చిన మార్పునకు ఒకటి. రెంటిని ఒక్క రంగులో కలిపివేయుటయే మన పత్రికా పటముల లోపము.

ఒకే జనము, వేరు ఫలితము అను దానికి ఈ సీమలో పాత నిదర్శనములు కలవు. తిరుచానూరున పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారుగారు 1962 సాధారణ ఎన్నికలలో చిత్తూరు నుండి లోక్‌సభకు కాంగ్రెసు పక్షమున గెలిచిరి. ఆయన బీహారు గవర్నరుగా వెళ్లుటచే ఆ యేడే ఉపఎన్నిక వచ్చెను. అందు గెలిచినవారు గుంటూరు సీమవారును, స్వతంత్ర పక్ష నాయకులును అగు ఎన్.జి. రంగాగారు. కొన్ని నెలలలో చిత్తూరు జనవిన్యాసము మారలేదు. తిరుపతి సైతము 1983లో ఎన్.టి. రామారావుగారిని, 2009లో చిరంజీవిగారిని, ఇద్దరు ఇతర జిల్లాలవారిని, రెండు క్రొత్త పక్షముల స్థాపకులను గెలిపించెను.

వీనికంటె మిక్కిలి పనికివచ్చునది 2024 తిరుపతి లోక్‌సభ ఫలితము. ఆ స్థానము క్రింద సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు అను ఏడు శాసనసభా స్థానములు కలవు. ఏడింటను కూటమియే గెలిచెను. ఆరింట తెలుగుదేశము, తిరుపతిలో జనసేన. అదే దినమున, అవే కేంద్రములలో, ఆ ఓటర్లే లోక్‌సభకు వై.ఎస్.ఆర్. కాంగ్రెసు అభ్యర్థి గురుమూర్తిగారిని గెలిపించిరి. ఆధిక్యము సుమారు 14 వేలు. లోక్‌సభకు కూటమి పక్షమున నిలిచినది భారతీయ జనతా పక్షము. అనగా ఓటరు ఒక యంత్రముమీద సైకిలునో గాజుగ్లాసునో నొక్కి, రెండవదానిమీద కమలమును విడిచిపెట్టెను. స్థానము రిజర్వు కావున అభ్యర్థులందరును షెడ్యూల్డు కులములవారే. కాలము ఒకటి, గాలి ఒకటి, హద్దు ఒకటి, జనము ఒకటి. వేరైనది చిహ్నము, అభ్యర్థి. ప్రకృతిశాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో కోరుకొను పరిస్థితి ఇది, మనకు ఆయాచితముగ లభించినది.

ఇట్లు విడిపోయిన ఓట్లు అన్ని కేంద్రములలో సమముగా నున్నవా, లేక ముస్లిములు, క్రైస్తవ దళితులు హెచ్చుగా గల కేంద్రములలో గుమిగూడినవా? సమముగా నున్నచో కారణము అభ్యర్థి, ప్రచారము. గుమిగూడినచో కారణము పక్షమునుగూర్చిన అభిప్రాయము. శాసనసభకు, లోక్‌సభకు ఫారం 20 పత్రములు వేరువేరుగా నున్నవి. కేంద్రముల సంఖ్యలు ఒకటే. ఒకదానినుండి ఒకటి తీసివేసి, మిగిలిన తేడాను చుక్కలుగా ఊళ్లమీద పెట్టవలెను. హద్దుల లెక్క చొప్పున ఒకే కూర్పు గల కేంద్రములను ముందు చూడవలెను. సూళ్లూరుపేట తీరమునుండి మొదలిడి సత్యవేడు మీదుగా శ్రీకాళహస్తికి వచ్చుట మంచిది. తీరపు బెస్తపల్లెలు, 1960లో చెంగల్పట్టు నుండి వచ్చిన గ్రామములు, శ్రీసిటీ చుట్టుపట్టు ఊళ్లు, స్వర్ణముఖి ఒడ్డు పొలముల ఊళ్లు వరుసగా తగులును.